ఛార్జింగు ఎంతసేపు వస్తాది?

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు నడిపే భీమశంకరరావుగారికి మనిషి ముఖం కన్నా ముందు మనిషి చేతిలోని ఫోను కనిపిస్తుంది. కనిపించిందా, దాన్ని ఇంకో ఫోనుతో పోల్చి తేల్చేదాకా ఆ మనిషిని వదలరు. కందిపప్పుకి వచ్చినవాళ్ళు కందిపప్పు మర్చిపోయి, తమ ఫోను స్క్రీను ఎండలో ఎందుకు వెలవెలబోతుందో తెలుసుకుని ఇంటికి వెళ్తుంటారు.

కంపెనీల పేర్లు మాత్రం ఆయన నోట రావు. ఓసారి ఒక కంపెనీని మెచ్చుకుంటే, ఇంకో కంపెనీ ఫోను వాడే పాత బేరం కాస్తా అలిగి ఎదురు కొట్టుకి పోయింది. అప్పట్నుంచి ఆయనే పేర్లు పెట్టుకున్నారు. అన్నిటికన్నా ఖరీదైనది దొరగారి ఫోను. ఎన్నాళ్ళుగానో పేరున్నది పెద్దింటివారి ఫోను. మొన్న మొన్న వచ్చి తక్కువ ధరకే అన్నీ ఇస్తామనేది కొత్తింటివారి ఫోను.

"దొరగారి కెమెరా బాగున్నాది, కాదనను. పెద్దింటివారి స్క్రీను సూడు, నూనె రాసిన నల్లరాయిలాగ నిగనిగలాడతాది. బేటరీ అంటావా, అది కొత్తింటివారిదే. కానీ కొత్తింటివారు కొత్తగా కనిపెట్టిందేటి? పక్కింటి కూరకి పోపు మార్చడమే" అని సంబంధాలు కుదిర్చేవాడిలా చెప్పుకొచ్చి, చివరికి ఎదుటివాడి ఫోను వైపు చూసి, "అంతా సరే గానీ, దీనికి ఛార్జింగు ఎంతసేపు వస్తాది?" అని అడుగుతారు.

ఒకసారి గుండెల్లో మంటగా ఉందని శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు డాక్టరు.

"పీలుస్తాను గానీ, ఆ బల్ల మీదున్నది మడత ఫోనేనా?"

"అవునండీ."

"మడత దగ్గర గీత పడలేదా?"

డాక్టరు చెవుల్లోంచి గొట్టాలు తీసేసి ఫోను విప్పి చూపించాడు. ఇద్దరూ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూశారు. మంట సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. బయట బెంచీ మీద కూర్చున్న భార్య కన్యకాపరమేశ్వరి గాభరాగా లేచి, ఏమన్నారని అడిగింది.

"సన్న గీత ఉన్నాది. రోజులు గడిచే కొద్దీ పెద్దదవ్వొచ్చట" అన్నారీయన.

ఆవిడ ఆమదాలవలస వచ్చేదాకా ఆయన చెయ్యి వదల్లేదు. ఆ రాత్రి ఉప్పు లేని చారు వడ్డిస్తే గానీ ఆయనకి విషయం అర్థం కాలేదు.

ఇంకోసారి బంధువుని రైలెక్కించడానికి వెళ్ళారు. సామాను సర్దడానికని ముందు ఆయన ఎక్కి, పై బెర్తు మీదున్న ఒకాయనతో స్క్రీన్ల మాటల్లో పడ్డారు. బంధువు మంచినీళ్ళకని ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. సామానుతో పాటు భీమశంకరరావుగారు విజయనగరం వెళ్ళిపోయారు.

ఇంతా చేసి ఆయన సొంతానికి వాడేది పాత ఫోనే. కొత్తది కొనాలని ఏళ్ళ తరబడి పోలుస్తూనే ఉన్నారు.

"నన్ను సూడ్డానికి వచ్చినప్పుడు కాఫీ సల్లారకుండానే సరేనన్నారు. ఒక ఫోను కొనడానికి ఇన్నేళ్ళేటండీ?" అంటుంది పరమేశ్వరి.

"నిన్ను దేనితోనూ పోల్చక్కర్లేకపోయింది" అంటారీయన. ఆవిడ నవ్వు దాచుకోడానికి ఉల్లిపాయల బస్తా వైపు తిరుగుతుంది.

ఆ కొట్టుకి గోడ పక్కనే జాకెట్లు కుట్టే నీలవేణికి మాత్రం ఈయన ప్రశ్నంటే భయం. ఆయన అడిగేది సరిగ్గా ఆమెకి నొప్పున్న చోటే తగిలేది.

నీలవేణి మొగుడు వెంకటసాయి సైన్యంలో ఉన్నాడు. మేనమామ కొడుకే. ఇప్పుడు ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లో ఉన్నాడు, ఏ ఊరో చెప్పకూడదు. ఇక్కడ ఆడపిల్ల పుట్టింది. ఫొటోలు వెళ్ళాయి గానీ, ఫొటోలో పిల్ల ఆవలించదు కదా. సాయంత్రం డ్యూటీ దిగాక అతను ఫోన్ చేసేవాడు. లోపల గదిలో నలుగురూ ఉంటారని, మాట్లాడ్డానికి బయటికి వచ్చేవాడు. బయటికి రాగానే చలికి ఫోను చచ్చిపోయేది. సగం ఛార్జింగు ఉందని చూపిస్తూ చూపిస్తూనే ఆరిపోయేది.

"నీలా, నిన్నేటయిందంటే..." అనేవాడు. అంతే.

నిన్నేటయింది? మంచు పడిందా, ఒంట్లో బాగోలేదా, కల్లోకి వచ్చిందా? మర్నాడంతా మిషను తొక్కుతూ ఆ సగం మాటకి రకరకాలుగా మిగతా సగం కుట్టుకునేది. సాయంత్రం అడిగితే అతనికి గుర్తుండేది కాదు. "ఏదో సెప్పాలనుకున్నానే" అనేవాడు. ఆ ఏదో కోసమే తను రోజంతా ఎదురుచూసిందని చెప్పబోతే ఆ మాట కూడా సగంలో ఆగేది. పిల్ల నవ్విందని ఆదరాబాదరాగా ఫోను పిల్ల వైపు తిప్పేసరికి స్క్రీను నల్లగా ఉండేది. ఆ నల్లటి అద్దంలో పిల్ల ముఖమే పిల్లకి కనిపించేది.

బారసాలకి సెలవు దొరుకుతుందన్నారు. తీరా దగ్గర పడ్డాక లేదన్నారు.

అత్త జగ్గమ్మ ఒక పూట ముంగిట్లో దిగాలుగా కూర్చుని, తర్వాత తేల్చి చెప్పింది. "తండ్రి నోటంట పేరు పిల్ల సెవిలో పడాల. మడిసి రాకపోతే ఫోన్లోనైనా పడాల."

"ఫోను మజ్జిలో ఆగిపోతే?"

"అదే నా బెంగ. సుహాసిని అనుకున్నాం కదా. 'సుహా' అన్నాక ఆగిపోతే ఈ గుంటకి సగం పేరే మిగుల్తాది."

వెంకటసాయితో పాటు పనిచేసే ఎల్లాజీది సరుబుజ్జిలి పక్క ఊరు. సెలవు అయిపోయి వెనక్కి వెళ్తున్నాడు. ఏదైనా ఇస్తే పట్టుకెళ్తానన్నాడు. మంచి బేటరీ ఉన్న కొత్త ఫోను పంపాలనుకుంది నీలవేణి. భీమశంకరరావుగారి కంటపడితే ఈ జన్మకి కొననివ్వరని, వెనక సందులోంచి చుట్టూ తిరిగి మురళీమోహన్ ఫోన్ల కొట్టుకి వెళ్ళింది.

భీమశంకరరావుగారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు.

"ఎవరికమ్మా ఫోను?"

దాచలేక చెప్పేసింది. ఆయన అన్నీ విన్నారు. చలి ఎంతుంటుంది, గదిలో కుంపటి ఉంటుందా, ఫోను ఎక్కడ పెట్టుకుంటాడు, ఆరిపోయిన ఫోను లోపలికి తీసుకెళ్తే మళ్ళీ వెలుగుతుందా అని అడిగారు. వెలుగుతుందంది. ఆయన మురళీమోహన్ వైపు తిరిగి, కొట్లో చూపించడానికి పెట్టిన ఫోన్లలోంచి దొరగారిదీ, పెద్దింటివారిదీ, కొత్తింటివారిదీ తీసి ఇమ్మన్నారు.

"ఈ మూడూ సూసి సెప్తాను. అందాకా ఏదీ కొనీకు" అన్నారు నీలవేణితో.

నీలవేణి ఏమీ కొనకుండానే ఇంటికొచ్చింది. మర్నాడు అడిగితే, ఇంకా తేలలేదన్నారు. ఆ మర్నాడూ అంతే. పైగా ఆయన ఏదో చేస్తున్నారని వీధంతా చెప్పుకున్నారు. కొట్లో ఐస్‌క్రీం ఫ్రిజ్ ఖాళీ చేసి, కరిగిపోతుందని ఐస్‌క్రీం అంతా వీధిలో పంచిపెట్టారు. చలికాలంలో ఊరికే వచ్చిన ఐస్‌క్రీం తిని స్టేషన్ రోడ్డంతా తుమ్మింది. జగ్గమ్మ కూడా తెచ్చుకుని తినేసి, గొంతు పట్టేసిందని ఆయన్నే తిట్టింది.

ఎల్లాజీ రైలు తెల్లారితే ఉందనగా, నీలవేణి ఇక ఆగలేకపోయింది. కొట్టు ముందు నిలబడి, అందరూ వింటుండగా అనేసింది.

"మీకిది సరదా, సావుకారు బాబూ. నాకు కాదు. మీరు పోల్సుకుంటా కూకుంటే నా పిల్ల బారసాల ఎల్లిపోతాది."

భీమశంకరరావుగారు తలొంచుకుని చక్కెర పొట్లం కట్టసాగారు. నీలవేణి వచ్చి మిషను ముందు కూర్చుంది. దారం సూదిలోకి వెళ్ళలేదు. కళ్ళు అలా ఉన్నాయి.

మధ్యాహ్నం కొట్టు మూసే వేళకి పరమేశ్వరి వచ్చింది. "రా అమ్మా, వచ్చి సూడు. తిట్టాలనిపిస్తే సూసే తిట్టు" అని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

భీమశంకరరావుగారు స్వెట్టరు, మంకీ టోపీ వేసుకుని ఐస్‌క్రీం ఫ్రిజ్‌లోకి నడుం దాకా వంగి ఉన్నారు. చెవిలోంచి ఒక తీగ చొక్కాలోకి దిగింది. గది ఇంకో మూల మురళీమోహన్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

"వినబడతన్నాది సావుకారుగారూ. ఇంక పైకి రండి."

"పెట్టీకు. ఇంకా మాట్లాడు" అంది ఫ్రిజ్‌లోంచి గొంతు.

"ఇంకేటి మాట్లాడను? ఫోన్ల ధరలన్నీ అయిపోనాయి."

"కవర్ల ధరలు సెప్పు."

పరమేశ్వరి పిలిస్తే పైకి లేచారు. మీసం మీద తెల్లగా పొగమంచు పట్టింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. నీలవేణిని చూసి టోపీ తీశారు.

"మూడు ఫోన్లూ ఈ ఫ్రిజ్‌లో పెట్టానమ్మా. ముందు దొరగారిది పోనాది. దాని ఎనకాల పెద్దింటివారిది. కొత్తింటివారిది కూసింత సేపు ఎక్కువ బతికి అదీ పోనాది. సలి దగ్గర ముగ్గురూ ఒకటే. ఏది కొనమని సెప్పను? అందుకే నోరు పెగల్లేదు." చొక్కా లోపల్నుంచి తన పాత ఫోను తీసి ఆమె చేతిలో పెట్టారు. అది ఇంకా వెచ్చగా ఉంది. "ఇది ఒంటికి ఆన్చుకున్నాను. ఇంతసేపూ ఆగలేదు. నువ్వేం కొనొద్దు. బనీను మీద గుండెకి ఆనుకునేలాగ ఒక సంచి కుట్టు. ఫోను అందులో పెట్టి, తీగ సెవిలో పెట్టుకుని మాట్లాడమను. ఉన్న ఫోనే సరిపోతాది."

"మరి ముఖం?" అంది నీలవేణి.

"ముఖం కావాలంటే బయటికి తియ్యాల. తీస్తే పోతాది." ఆయన తడి మీసం తుడుచుకున్నారు. "మాట కావాలో ముఖం కావాలో నువ్వే తేల్సుకో తల్లీ. అది నేను పోల్చలేను."

నీలవేణి ఆ ఫోను ఆయన చేతికి తిరిగి ఇచ్చేసింది. తర్వాత తన మిషను దగ్గరికి వెళ్ళి కత్తెర తీసింది.

పిల్ల చొక్కాలకని తెచ్చిన మెత్తటి గుడ్డ పైకి, తన పాత నేత చీర ముక్క లోపలికి పెట్టింది. ఛాతీ కొలత ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పరమేశ్వరి పక్కన కూర్చుని నాడాలు తిప్పి ఇస్తూ మాట్లాడింది.

"ఆయనకి ఫోన్ల పిచ్చని ఊరంతా అనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. 'నీకు బెంగగా ఉందా' అని అడిగితే ఎవరైనా సెప్తారేటి? 'ఛార్జింగు ఎంతసేపు వస్తాది' అని అడిగితే, ఎవరితో మాట్లాడతారో, ఎవరు మాట్లాడ్డం మానేశారో వాళ్ళంతట వాళ్ళే సెప్పీస్తారు. మన రిక్షా అసిరయ్య లేడూ, వాడి ఫోను ఛార్జింగు తరగనే తరగదట. ఎందుకూ అంటే, తమ్ముడు అలిగి ఫోన్ చెయ్యడం మానేశాడు. ఈయన రెండో రోజున పలాస పోయి ఆ తమ్ముణ్ణి ఎంటబెట్టుకొచ్చారు. నన్ను మాత్రం జీడిపప్పు బేరానికని మభ్యపెట్టారు."

నీలవేణి మిషను ఆపింది. "నన్నూ రోజూ అడిగీవోరు."

"నువ్వు సెప్పీదానివి కాదు. ఇంటికొచ్చి, ఆ పిల్ల మాట దాటేసింది అని అన్నం సరిగ్గా తినీవోరు కాదు."

తెల్లారి స్టేషన్లో ఎల్లాజీ ఆ సంచిని తిప్పి తిప్పి చూశాడు. "నాకూ ఇలాటిదొకటి కుట్టి పంపు సెల్లీ" అన్నాడు. సాయంత్రానికల్లా వీధిలో ఉన్న పాత మెత్తటి గుడ్డలన్నీ భీమశంకరరావుగారే అడిగి తెచ్చి ఆమె ముందు పోశారు. ఒక్కడికి చలేస్తే పక్కవాడికీ వేస్తుంది కదా అన్నారు.

బారసాల నాడు పంతులుగారు ముహూర్తం అనేసరికి ఫోన్ మోగింది. నీలవేణి పిల్లని ఒళ్ళో సర్దుకుంటుంటే భీమశంకరరావుగారు ఫోను తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల చెవి దగ్గర పెట్టారు. ఆ వేళ ఆయన ఎవరి ఫోను వైపూ చూడలేదు.

గాలి హోరు వినిపించింది. ఆ హోరు లోపల, చాలా దగ్గరగా, వెంకటసాయి గొంతు.

"సుహాసినీ."

మొత్తం పేరు. మళ్ళీ అన్నాడు, ఇంకోసారి అన్నాడు. పిల్ల కళ్ళు చికిలించి తుమ్మింది.

"ఇన్నాది. ఇనీసింది గుంట" అని జగ్గమ్మ పమిటతో ముఖం తుడుచుకుంది.

విస్తళ్ళు వేశారు. నీలవేణి పిల్లని ఎత్తుకుని, ఫోను పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. భీమశంకరరావుగారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వడ్డన చల్లారిపోతోందని ఒకరొచ్చారు, పిల్లకి అక్షింతలు వెయ్యాలని ఒకరొచ్చారు. అందరినీ తర్వాత రమ్మని పంపేశారు. ఆకలికి ఆయన కడుపులోంచి వస్తున్న చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది.

నీలవేణి అన్నీ చెప్పింది. పిల్ల ఆవలింత ఎలా ఉంటుందో, నిద్దట్లో ఎవరిని చూసి నవ్వుతుందో, అత్తకి గొంతు ఎందుకు పట్టిందో చెప్పింది. అతనూ చెప్పాడు. కొండ మీద వెన్నెల ఎంత తెల్లగా ఉంటుందో, ఆ సంచి నిన్న చేతికి అందగానే చీర వాసన వచ్చిందని, ఇవాళ్టికి పోయిందని చెప్పాడు. ముఖం ఎలా ఉందని ఆమె అడిగితే, గెడ్డం పెరిగిందన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఆ ముఖానికి గెడ్డం పెట్టి చూసుకుంది.

చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. ఫోను ఇంకా ఉంది. వాళ్ళకి ఎప్పుడూ ఇలా కాలేదు కనక, ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

"ఇంకేటి?" అన్నాడతను.

"ఏటీ లేదు బావా."

"మరి పెట్టీనా?"

"వద్దు. ఉండు" అంది నీలవేణి.