జోటికోసు కాళ్ళకు తెలిసిన మాటలు

జోటికోసుకు జరిగిన అన్యాయం చూసేవాళ్ళకు సన్మానంలా కనిపించింది. ఉన్ని వర్తకుడు త్రోఫిమోసు అతన్ని తొట్టిలోంచి లేపుకొచ్చి, తన ఇంట్లో మెత్త వేసిన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ప్రభువు మాటలు చెప్పే మనిషి మూత్రంలో నిలబడకూడదు" అన్నాడు.

హియెరాపొలి పట్టణంలో ఆ ఇంట ఆదివారం భోజనానికి చేరే విశ్వాసులంతా అవునవునన్నారు. త్రోఫిమోసు చేతికి ఎముక లేదంటారు. ఆయన దయ ఎవరిమీద పడితే వాళ్ళకు మాత్రం ఎక్కడో ఒకచోట ఎముక విరుగుతుంది.

అప్పటిదాకా జోటికోసు బట్టలు తొక్కి ఉతికే కొట్టంలో పనివాడు. మురికి వదలడానికి పులిసిన మూత్రం పోసిన తొట్టిలో ఉన్నిబట్టలు వేసి పొద్దస్తమానం తొక్కేవాడు. మనిషి పొట్టి, పొగరు పొడుగు. అదే తొట్టిలో అతని పక్కన తొక్కిన ముసలి అమ్మియ, చిన్నతనంలో ప్రభువు మాటలు ఆయన శిష్యుడొకరి నోట స్వయంగా విన్నది. విన్నదంతా తొక్కుతూనే జోటికోసుకు అప్పజెప్పింది. బీదల మాటకు కుడికాలు, ధనికుల మాటకు ఎడమకాలు, 'అయ్యో' అన్నచోట రెండు కాళ్ళతో ఒక్క గెంతు.

అమ్మియ పోయాక ఊళ్ళో ఆ మాటలకు, అప్పటికే తల నెరిసిన జోటికోసే దిక్కు. విశ్వాసులు కొట్టానికే వచ్చి, ముక్కులు మూసుకుని చెవులు తెరుచుకుని వినేవారు. శిష్యుడు ప్రభువు దగ్గర విన్నాడని, అమ్మియ శిష్యుడి దగ్గర విన్నదని, తాను అమ్మియ దగ్గర విన్నానని, మధ్యలో ఇంకెవడూ లేడని ముందుగా వరస చెప్పేవాడు. పొరుగింట్లో ఉల్లిపాయ అడగాలన్నా ఆ వరస చెప్పాకే అడిగేవాడు.

త్రోఫిమోసు కుర్చీ ఎత్తెక్కువ. జోటికోసు కాళ్ళు నేలకు అందలేదు. రొట్టె, పప్పు, ఆలివ్ కాయలు అయిపోయాయి. అందరూ అతనివైపు తిరిగారు. అతను వరస చెప్పాడు. దగ్గి, మళ్ళీ వరసే చెప్పాడు. ఆపైన ఒక్క ముక్క రాలేదు. పై ఆదివారమూ అంతే. మూగదయ్యం పట్టిందని కొందరు, గర్వానికి శిక్ష అని కొందరు అన్నారు. గర్వం సంగతి నిజమే గనుక అతనికీ భయం పట్టుకుంది.

ఆ కుర్చీలోకి త్రోఫిమోసు అల్లుడు మెనాసు వచ్చాడు. తప్పిపోయిన గొర్రె కథ చెబుతూ, కాపరి మిగతా మందను ముందు మామగారి దొడ్లోకి భద్రంగా తోలి, ఆ తర్వాతే వెతకబోయాడన్నాడు.

"ఆ గొర్రె ఉన్ని మేలురకమా, నాయనా?" అని వెనకనుంచి ఒక ముసలావిడ అడిగింది.

"మేలురకమే అవ్వా. లేకపోతే ఎందుకు వెతుకుతాడు?"

జోటికోసు పళ్ళు కొరుక్కున్నాడు. అసలు కథ తనకు తెలుసు, కానీ నోటికి రాదు. కొట్టానికి తిరిగి వెళితే, పెద్దమనిషి చేత తొక్కించుకోవడం పాపమని యజమాని గుమ్మంలోంచే పంపేశాడు. తొట్టీ పోయింది, కుర్చీ పోయింది. అమ్మియ మాటలు తనతోపాటే మట్టిలో కలుస్తాయని అతనికి తిండి సయించలేదు.

అలాంటి రోజుల్లో స్ముర్న నుంచి కల్లిస్తే అనే విధవరాలు వచ్చింది. ప్రభువు మాటలు విన్నవాళ్ళను వెతుక్కుంటూ ఊరూరా తిరిగే మనిషి. మధ్యాహ్నం మెనాసు కథ విని, అది ఎవరి దగ్గర విన్నావని అడిగింది. మామగారి దగ్గరన్నాడు. మామగారు ఎవరి దగ్గర విన్నారని అడిగితే, మెనాసు ఆ ఇంటి దూలాలను పరీక్షగా చూడసాగాడు.

భోజనానికి వచ్చేవారి కాళ్ళు గుమ్మం దగ్గర కడగడం ఆ ఇంటి ఆచారం. జోటికోసు కాళ్ళు మాత్రం ఎవరూ ఎన్నడూ కడగలేదు. ఏళ్ళ తరబడి నానిన ఆ కాళ్ళకంటే తెల్లనివి ఊళ్ళోనే లేవు, వాటికి నీళ్ళు దండగ అనేవారు. ఆ సాయంత్రం కడిగే పని అడిగి తీసుకున్న కల్లిస్తేకు ఈ సంగతి తెలియదు. అతని కాళ్ళు వెడల్పాటి లోతు పళ్ళెంలో పెట్టించి గోరువెచ్చని నీళ్ళు పోసింది. వంగినప్పుడు ఆమె భుజంమీది తువ్వాలు జారి అందులో పడింది.

తడిగుడ్డ పాదానికి తగలగానే కుడికాలు దానంతట అది లేచింది. దాంతోపాటే బీదల మాట బయటపడింది. ఎడమకాలు లేచింది, ధనికుల మాట వచ్చింది. 'అయ్యో' దగ్గర జోటికోసు గెంతిన గెంతుకు పళ్ళెంలో నీళ్ళన్నీ త్రోఫిమోసు తెల్లబట్టల మీద పడ్డాయి. పడవలసిన చోటే పడ్డాయి.

"కుర్చీ తెండి, పెద్దాయన్ను కూర్చోబెట్టండి" అన్నాడు త్రోఫిమోసు, ముఖం తుడుచుకుంటూ.

"కుర్చీ జోలికి పోకండి అయ్యా" అంది కల్లిస్తే. "తాతా, ఆగకు. తొక్కు." చెబుతూనే తానూ పళ్ళెంలోకి దిగింది.

మర్నాడు అందరూ కొట్టానికే నడిచారు. అంతమందిని చూసి యజమాని గుమ్మం వదిలాడు. మెనాసు కూడా దిగి, తొట్టిలో జారిపడి, గొర్రె కథ అసలు రూపంలో నేర్చుకున్నాడు. గట్టుమీద నిలబడ్డ త్రోఫిమోసుకు మొదట తల కొట్టేసినట్టయింది. తీరా వాళ్ళు తొక్కుతున్నది తన సరుకేనని, కూలి లేకుండా తెల్లబడుతోందని గమనించి, ఆయన కూడా స్తోత్రం చెప్పాడు.

కల్లిస్తే స్ముర్న వెళ్ళి, కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చేసరికి జోటికోసు మంచం పట్టాడు. స్ముర్నలో ఇప్పుడు పళ్ళెంలో నిలబడకుండా ప్రభువు మాట వినడం తప్పంటున్నారని ఆమె చెప్పింది. నీళ్ళు వేడివా చల్లవా అని రెండు ఇళ్ళవాళ్ళు మాటలు మానుకున్నారట. ఎడమకాలితో మొదలుపెట్టినవాడికి రొట్టె పెట్టడం లేదట. జోటికోసు దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"తొట్టి ప్రభువుది కాదు తల్లీ, మా యజమానిది. ఆ మాట వాళ్ళకు చెప్పు" అన్నాడు. దుప్పటికింద కుడికాలు కదిలించాడు. "చెప్పేటప్పుడు మాత్రం తొక్కుతూ చెప్పు. లేకపోతే మరిచిపోతారు."