అసలు మూర

కొలతలు చెప్పడమే నా కొలువు. బోయిగూడలో ఒక చిన్న బడిలో మూడో తరగతికి లెక్కలు చెబుతాను. అయినా ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం బడి గేటు పక్కన పూలమ్మే పెద్దమ్మ దగ్గర మూరెడు పూలు కొంటూ, ఆ మూర ఎంతుందో ఒక్కసారీ చూడలేదు. నా తెలివి మూరెడే. దాన్ని బారెడనుకోవడం నా అలవాటు.

కొలతల పాఠం రోజు పుస్తకం మూయించి, పిల్లల చేత చేతులతోనే నల్లబల్లను కొలిపించాను. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక మూర. ఒకరికి ఏడు మూరలొచ్చాయి, ఇంకొకరికి ఎనిమిది, సగం నిద్రలో కొలిచినవాడికి పదకొండు. చేతులు వేరైతే కొలతలు వేరు, అందుకే స్కేలు అని చెప్పి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. నా చేయి అట్ట మీద పెట్టి గీయించి, నలభై ఆరు సెంటీమీటర్లని రాయించి, 'అసలు మూర' అని పేరు పెట్టి గోడకు తగిలించాను. పైగా బయట కూడా ఏదైనా కొలుచుకు రమ్మన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ బుట్టతో సహా తరగతి గుమ్మంలో నిలబడింది.

"ఏం సారూ, నా దుకాణం బంద్ పెట్టిస్తవా?"

ఏమైందని అడిగాను.

"పొద్దుగాల నీ పిల్లలు టేపు పట్టుకొని వచ్చిండ్రు. అవ్వా, నీ మూర పది సెంటీమీటర్లు తక్కువున్నది, మా సారుదే అసలు మూర అన్నరు. గుడికి పోయేటోళ్లందరి ముంగట. అప్పటి సంది ఒక్కరు సుత కొంటలేరు. పొద్దుగూకితే వాడిపోతయి. గివన్నీ నీ నెత్తిల పెట్టాల్నా?"

నా నెత్తిన పూలు నిలిచేంత జుట్టు లేదని తెలిసిన పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బుట్ట నిండుగా ఉంది.

"నిజంగనే తక్కువుంది సార్, నేనే కొలిచిన," అంది ముందు బెంచీలోని రెండు జడల పిల్ల.

పెద్దమ్మ కింద కూర్చుని దండ తీసింది. "మళ్ల కొలువుండ్రి. రోజూ అమ్మినట్టే అమ్ముత. జెర చూడుండ్రి."

పూలు నలగకుండా వేళ్లు ముడిచి మూర వేసింది. ఆ తర్వాత, ఎప్పటిలాగే, ఇంకో బెత్తెడు లాగి అక్కడ దారం తెంపింది.

"గిదేంది?"

"కొసరు," అంది తరగతి మొత్తం.

"పొద్దుగాల గిది కొలిచిండ్రా?"

లేదట. మూర వేయగానే టేపు పెట్టేశారట, కొసరు దాకా ఆగలేదు. రెండు జడల పిల్ల ఈసారి రెండూ కొలిచి కూడింది. ముప్పై ఆరు, పదకొండు.

"నలభై ఏడు. సారు మూర కన్న ఒకటి ఎక్కువనే ఉంది సార్."

"మీ సారు కొసరు మీద కొసరు అడుగుతడు," అంది పెద్దమ్మ. "ఆరేండ్ల సంది ఎన్ని మూరలైనయో లెక్క చెయ్యుండ్రి."

ఏడాదంతా బతిమాలినా లెక్క ముట్టనివాళ్లు కూడా ఆ లెక్క మొదలుపెట్టారు.

సాయంత్రం బడి వదలగానే పిల్లలు గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరికీ మూరా కొసరూ టేపు పెట్టి చూపించారు. తప్పు నాదని నేనూ చెప్పాను. చీకటి పడేలోగా బుట్ట ఖాళీ అయింది.

"గింత లొల్లి నాతోని కాదు," అంది పెద్దమ్మ. "ఇగ కొసరు లేదు. ఎవరు కొంటే వాళ్ల చేతి మూరనే ఇస్త."

పిల్లలు ఆ మాటను నా 'అసలు మూర' అట్ట వెనకవైపే రాసి బుట్టకు కట్టారు.

శుక్రవారం పూలకు నేను వెళ్లలేదు. మా ఆటల సారును పంపాను. నిచ్చెన ఎక్కకుండా ఫ్యాను తుడిచే మనిషి. ఆయన చేయి చాపాడు. పెద్దమ్మ ఆ చేతిని మోచేతి నుంచి కొస దాకా చూసింది. తర్వాత గేటు వెనక నక్కిన నన్ను చూసింది.

"మంచిగనే నేర్పుతున్నవ్ సారూ," అంటూ కొలిచింది.

కొసరు అడగమని మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆపాటి మర్యాద నాకూ ఉంది.