ముద్దాయి మానిటర్

కోర్టు మావయ్య విచారణ జరపకుండా వంకాయనైనా పుచ్చిందని అనడు. ఆయనకున్న పిచ్చల్లా అదొక్కటే. మిగతా విషయాల్లో అందరిలాంటి మనిషే. కాఫీ పొగలు కక్కుతుండగా తాగుతాడు, చెప్పులు ఎక్కడ విడిచాడో మరిచిపోతాడు, వద్దన్న పనే ముందు చేస్తాడు. కానీ ఏదైనా వస్తువు చెడిపోయిందని ఆయన ఎదుట ఎవరైనా అన్నారో, వీపు నిటారుగా అయిపోతుంది.

"అని ఎవరు చెప్పారు? చూసిన సాక్షి ఉన్నాడా?" అంటాడు.

ఉద్యోగమంతా న్యాయస్థానంలో బెంచి క్లర్కుగా చేశాడు. జడ్జిగారి ముందు కూర్చుని కాగితాలు అందించడం, సాక్షుల్ని పిలిపించడం ఆయన పని. తీర్పు చెప్పే అవకాశం సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ ముచ్చట రిటైరయ్యాక తీర్చుకుంటున్నాడని అత్తయ్య అంటుంది. ఆవిడ బాధ ఆవిడది. ఓసారి పాలు విరిగాయి. పారబోయబోతే మావయ్య అడ్డుపడ్డాడు. ముందు గిన్నెను విచారించాడు, తర్వాత గరిటెను, ఆ తర్వాత పొయ్యిని. గిన్నె అడుగున నిన్నటి పులుపేదో అంటుకుని ఉందని తేల్చి, పాలను నిర్దోషిగా విడుదల చేసేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.

"పాలు ఏ పాపం ఎరగవు, సరే. మరి నేనేం పాపం చేశాను?" అంది అత్తయ్య, తలనొప్పితో కణతలు నొక్కుకుంటూ.

"నీ మీద ఇంకా కేసు పెట్టలేదుగా!" అన్నాడు మావయ్య.

ఆయన మేనకోడలికి ఒక డీటీపీ షాపు ఉంది. పుస్తకాల పేజీలు కంప్యూటర్లో కూర్చి ప్రెస్సుకు పంపుతుంది. ఒకటే గది. అందులో ఒక కంప్యూటరు, దానికో పెద్ద మానిటర్, మేనకోడలి ల్యాప్‌టాప్, ఆమె భర్త బిల్లులు రాసుకునే బల్ల. కంప్యూటరు ముందు కూర్చునేది టైపిస్టమ్మ. షాపు తెరిచిన నాటి నుంచీ ఉన్న మనిషి. వయసులో పెద్దదని మేనకోడలు ఆవిడను పిన్నిగారూ అని పిలుస్తుంది. మావయ్య రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చి పేపరు చదువుతాడు. ఇంట్లో పేపరు అత్తయ్య ఒక పట్టాన వదలదు.

ఆ రోజు పొద్దున టైపిస్టమ్మ మీట నొక్కేసరికి మానిటర్ నిండా ఆకుపచ్చ గీతలు లేచాయి. కాసేపు మిణుకుమిణుకుమంది. తర్వాత నల్లబడింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ గీతలు. పిల్లల సైన్సు పుస్తకం మర్నాటి సాయంత్రానికి ప్రెస్సులో ఉండాలి. బొమ్మలు, పట్టికలు, బాణం గుర్తులు, అన్నీ ఆ పెద్ద తెర మీద సర్దాల్సినవే. ల్యాప్‌టాప్ తెర మీద అవి చీమల్లా కనిపిస్తాయి.

"ఇది ఆవిడ పనే," అన్నాడు మేనకోడలి భర్త, టైపిస్టమ్మ వినేలాగే. "పొద్దస్తమానం గుడ్డ పట్టుకుని దాన్ని తుడుస్తూనే ఉంటుంది. మనిషికి వయసైపోయింది, వస్తువు విలువ తెలీదు. మాన్పించెయ్యి. పీడా పోతుంది."

మేనకోడలికి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. "సాయంత్రం మాట్లాడతాలెండి," అంది. వద్దనలేదు. టైపిస్టమ్మ సంచీ భుజాన వేసుకుని గుమ్మం పక్కన నిలబడింది. ఆ జీతం మీదే ఆవిడ బతుకుతోందని ఆ గదిలో అందరికీ తెలుసు.

మావయ్య పేపరు మడిచాడు. మానిటర్ దగ్గరికి వెళ్ళి కింది మీటలేవో నొక్కాడు, వంగి చూశాడు, ఫోను పట్టుకుని బయటికి వెళ్ళి వచ్చాడు. వచ్చాక వీపు నిటారుగా పెట్టి గది మధ్యలో నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, ఆవిడ తుడవడం మీరు చూశారా?"

"రోజూ చూస్తాను."

"తడిగుడ్డా, పొడిగుడ్డా?"

"అది... గుడ్డండీ. గుడ్డ అంతే!"

"గుడ్డ సంగతే తెలియని సాక్షి!" అన్నాడు మావయ్య జాలిగా. "మీరు కూర్చోండి. మళ్ళీ పిలుస్తాను."

"మావయ్యా, ఇప్పుడు కాదు! నాకు రేపటికి పేజీలు వెళ్ళాలి," అంది మేనకోడలు.

"వెళ్తాయే అమ్మాయ్. రోగమేదో తెలీకుండా కొత్తది కొంటే, అదీ రేపు ఇలాగే చస్తే ఏం చేస్తావు? ముందు తప్పెవరిదో తేలాలి."

మేనకోడలు గడియారం వైపు చూసి, బల్ల ముందు నుంచి పక్కకు తప్పుకుంది.

మొదట బల్ల కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డును బోనెక్కించాడు. ఆయన నేలమీద బోర్లా పడుకుని దాన్ని బయటికి లాగితే, ఒక పక్క నల్లగా మాడి ఉంది.

"ఈ కెటిల్ ఎవరిది?"

"నాదేనండీ," అన్నాడు అల్లుడు. "టీ కోసం."

"ఒక్క బోర్డుకి కెటిలూ, ఫ్యానూ, ప్రింటరూ, మానిటరూ! పాపం, ఒక్క జీతం మీద నలుగురు కొడుకుల్ని సాకుతోంది. మీరు టీ పెట్టుకున్నప్పుడల్లా ఈ మానిటర్ గుండె ఎంత దడదడలాడి ఉంటుందో ఆలోచించారా?"

అల్లుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాడు. మానిటర్ ప్లగ్గును తీసి నేరుగా గోడకు పెట్టారు. గీతలు పోలేదు.

"బోర్డుకి బెయిలు. కెటిల్ ఊరు విడిచి వెళ్ళకూడదు," అన్నాడు మావయ్య.

తర్వాత కేబుల్. అది మెడ దగ్గర నలిగి లోపలి తీగ బయటికి చూస్తోంది.

"దీన్ని రోజూ పీకి ల్యాప్‌టాప్‌కి పెట్టేదెవరు?"

మేనకోడలు కాసేపు కిటికీలోంచి చూసింది. "నేనే."

"తల పట్టుకుని తీస్తావా, మెడ పట్టుకుని లాగుతావా?"

"తొందరలో ఎవరు చూస్తారు మావయ్యా!"

"అంతేనా? ఆగిపోయినప్పుడల్లా దాని చెంప కూడా వాయిస్తుందండీ," అన్నాడు భర్త. కెటిల్ బాధ కాస్త దిగినట్టనిపించింది ఆయనకు.

"చెంప కాదు, నెత్తి! అదీ మెల్లిగా!"

"నిన్న ఆ చప్పుడుకి పక్క షాపాయన వచ్చి ఏం పడిందని అడిగాడు."

ఆలుమగలిద్దరూ ఒకరి నేరాలు ఒకరు బయటపెట్టుకుంటుంటే మావయ్య అడ్డుపడలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో సాక్షులు ఇంత ఉత్సాహంగా సహకరించడం ఆయన చూడలేదు. కేబుల్ మార్చారు. గీతలు పోలేదు. మానిటర్‌ను కంప్యూటరు నుంచి తీసి ల్యాప్‌టాప్‌కు తగిలించారు. అక్కడా గీతలే. కంప్యూటరు నిర్దోషి అని తేలింది. ఇక మానిటర్‌ను వెనకవైపు నుంచి చూస్తే, గాలి ఆడాల్సిన చిల్లులు కనిపించలేదు. వాటికి ఆనించి బల్ల మీద పాత పేపర్ల దొంతర ఒకటి మోకాలెత్తున ఉంది.

"ఈ పేపర్లు ఎవరివి?" అని గర్జించాడు మావయ్య.

"మీవే మావయ్యగారూ!" అని అల్లుడు కుర్చీలోంచి లేచాడు. ఆ రోజు మొత్తానికి ఆయన గొంతులో ఆనందం పలికింది అప్పుడే.

మావయ్య చేతులు కట్టుకుని, తల వంచుకుని, తనే వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. "ముద్దాయి నేరం ఒప్పుకుంటున్నాడు. ఊపిరాడకుండా చేసిన మాట నిజమే."

గుమ్మం పక్కనున్న టైపిస్టమ్మకు నవ్వాలో వద్దో తెలియలేదు. మావయ్య ఆవిడను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఏమ్మా, మీకు తెర మీద అక్షరం ఎలా కనపడుతుంది?"

"మసక మసగ్గా ఉంటుందండీ. తలెత్తి కళ్ళజోడు కింది అద్దంలోంచి చూస్తేగానీ తెలీదు. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది."

"సరే. సాక్షుల విచారణ ముగిసింది. తీర్పు వాయిదా. ఇక కొత్త మానిటర్ కొందాం, పదండి. మీరు ఈలోగా ఇప్పటిదాకా అయిన పేజీల ప్రూఫులు దిద్దుతూ ఉండండమ్మా," అన్నాడు మావయ్య.

కంప్యూటర్ల షాపులో గోడ నిండా మానిటర్లు ఒకే సముద్రాన్ని ఒకే నీలంలో చూపిస్తున్నాయి. అల్లుడికి మొదటి చూపులోనే ఒకటి నచ్చింది. అంచుల్లో రంగు దీపాలు, మధ్యలో లోపలికి వంపు.

"ఇది వంగిపోయి ఉందేమిటి?" అన్నాడు మావయ్య. "నిటారుగా నిలబడలేని సాక్షిని నేను నమ్మను. పుస్తకంలో గీసిన గీత దీంట్లో తిన్నగా ఉందో వంకరగా ఉందో ఎలా తెలుస్తుంది?"

మేనకోడలు తళతళలాడే ఇంకోదాని ముందు ఆగింది. మావయ్య అందులోకి తొంగి చూసి, "నా మొహమే కనపడుతోంది. అక్షరాలు చూడ్డానికి కొంటున్నామా, తల దువ్వుకోడానికా?" అన్నాడు. ఆమె చప్పున పక్కకి జరిగింది.

మిగిలిన వాటిలో ఒక సాదాసీదా మానిటర్‌ను దింపించాడు. సముద్రం తీసేయించి తెల్లటి తెర పెట్టించాడు, తర్వాత నల్లది. ముక్కు ఆనించి, చెడిపోయిన చుక్క ఎక్కడైనా ఉందేమోనని ఆ మూల నుంచి ఈ మూలకు వెతికాడు. ఎడమ నుంచి, కుడి నుంచి, గొంతుక్కూర్చుని కింద నుంచి, రంగు మారుతుందేమో చూశాడు. షాపాయన అలిసిపోయి స్టూలు మీద కూర్చున్నాడు.

"వారంటీ ఉందిగా. చుక్కలు చచ్చిపోతే మారుస్తారా?"

"మారుస్తామండీ. కొన్ని చుక్కలు పోవాలి."

"ఒక్కటి చస్తే కేసు కాదా? మూకుమ్మడిగా చావాలా?"

"కంపెనీ రూలండీ."

"ఒక్క ప్రాణమైనా ప్రాణమే. ఒక్క చుక్క పోయినా మార్చే కంపెనీది చూపించండి."

చూపించాడు. మావయ్య ఊరుకోలేదు. పెట్టె మీదున్న సర్వీసు సెంటరు నంబరుకి అక్కడికక్కడే ఫోను చేశాడు. అటువైపు ఒక అమ్మాయి ఎత్తి ఏం పాడైందని అడిగింది. "ఇంకా కొనలేదమ్మా. పాడైనప్పుడు నువ్వు ఎత్తుతావో లేదో చూద్దామని," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వడం స్పీకర్లో అందరికీ వినిపించింది. చివరిగా స్టాండును కిందికి, ఇంకా కిందికి, బల్లకు ఆనేదాకా దించి చూసి, "ఇదీ. తలెత్తక్కర్లేదు," అన్నాడు. అదే కొన్నారు.

మావయ్య, అల్లుడు పెట్టె మోసుకుని బయటికి నడిచారు. బిల్లు ఇస్తూ షాపాయన మేనకోడలితో గొంతు తగ్గించి అన్నాడు. "మీ మావయ్యగారు గట్టి మనిషండీ. పొద్దున ఫోన్ చేసి, తడిగుడ్డ నీళ్ళు కింది అంచులోకి దిగితే గీతలొస్తాయా, బాగవుతుందా అని అడిగారు. బాగవదన్నాను. కింది మీటలు నొక్కి మానిటర్ సొంత సెట్టింగుల మెనూ తెప్పించి చూడండి, దాని మీద కూడా గీతలుంటే ఇక వైర్లనీ కంప్యూటర్నీ అనుమానించే పనే లేదు అన్నాను. నొక్కి చూశాకే ఫోన్ చేస్తున్నా అన్నారు."

మేనకోడలు బిల్లు అందుకుని గబగబా బయటికి వచ్చింది. తర్వాత రోడ్డు మీద, భర్త ఆటో కోసం ముందుకెళ్ళినప్పుడు మావయ్యను పట్టుకుంది.

"అయితే నీకు పొద్దున్నే తెలుసన్నమాట! మరి బోర్డూ, కేబులూ, ఆ విచారణంతా ఎందుకు?"

మావయ్య పెట్టెను మోకాలి మీద సర్దుకున్నాడు. "ఆవిడ ఒక్కర్తే బోనులో నిలబడితే చూడ్డానికేం బాగుందే అమ్మాయ్? మనం కూడా ఎక్కి తలో మూల నిలబడితే కాస్త సర్దుకుంటుందని."

"సాక్ష్యాన్ని ముట్టుకోకూడదని చిన్నప్పట్నుంచీ మా ప్రాణం తీశావు. అంచున నీటి మరక ఉండి ఉండాలే? నాకు కనపడలేదు!"

"ఉండేది. తుడిచేశాను."

"మావయ్యా!"

"పొడిగుడ్డతోనే లేవే. ఆమాత్రం తెలీదా నాకు?"

మేనకోడలికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. సాయంత్రం మాట్లాడతానన్న మాట పొద్దున తన నోటి నుంచే వచ్చింది.

కొత్త మానిటర్‌ను బల్ల మీద పెట్టి అడుగంటా దించారు. టైపిస్టమ్మ కూర్చుని, అలవాటుగా గడ్డం పైకెత్తి, అక్కర్లేదని తెలిసి మెల్లగా దించుకుంది. సైన్సు పుస్తకం తెరిచింది. కప్ప బొమ్మ, దాని కాళ్ళకు బాణాలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, మళ్ళీ తీసేసి లేచి నిలబడింది.

"అమ్మాయిగారూ, ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మసగ్గా ఉందని నిన్న నేనే తడి..."

"పిన్నిగారూ!" అని మేనకోడలు ఆవిడ భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి. మీరు చెబితే మావయ్య మళ్ళీ మొదట్నుంచి మొదలెడతాడు, మన పుస్తకం రేపటికి కాదు కదా, వచ్చే ఏడాదికి కూడా వెళ్ళదు. కప్ప కాళ్ళ సంగతి చూడండి. రేపు పెందలాడే రండి, ఇది అవగానే లెక్కల పుస్తకం ఉంది."

భర్త ఏదో అనబోయి, మాడిన బోర్డు వైపు చూసి, కెటిల్‌ను తన బల్ల అవతలికి జరుపుకున్నాడు. టైపిస్టమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. పైట కొంగుతో, పొడి కొసతో. అప్పుడు అందరూ మావయ్య వైపు చూశారు.

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆవిడ ఏమందో నాకేం వినపడలేదు," అన్నాడు లోపల్నుంచే.