దొరసాని నుదుట బొట్టు

“అద్దం జర ఇటు తిప్పవే.”

“తిప్పిన. కనబడుతుందా?”

ఆస్పత్రిలో మా ఆయనకూ నాకూ జరిగిన చివరి మాటలివే. అక్కడ అద్దమూ లేదు, ఎండా లేదు. అయినా నా చెయ్యి తిరిగింది, అలవాటు కదా. (మనవరాలి పెన్ను ఆగింది. రాయవే.) ఆ రోజుల్లో నగల రాళ్ల మీద బొమ్మలు చెక్కేవాడికి పెళ్లామైతే కాపురంలో సగం ఎండను పట్టుకోవడమే. చిక్కడపల్లిలో ఒక్క గది కిరాయి ఇల్లు. గుమ్మంలో నిలబడి నేను అద్దంతో వెలుతురు లోపలికి కొడితే, ఆయన విల్లులాంటి కమానుతో సూదిమొన తిప్పుతూ చెక్కేవాడు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో, ఆయన పనిచేసే నారాయణగూడ సేఠ్ దుకాణం మూతబడి, పని ఇంటికి తెచ్చుకున్నాడు. అందులో బషీర్‌బాగ్ బేగం గారి పాత పతకం ఒకటి. పైపొర తెలుపు, అడుగుపొర ఎరుపు, రాయి మాత్రం ఒక్కటే. ఆ తెలుపులో ఎవరో ఎప్పుడో ఒక ఇంగ్లీషు దొరసాని పక్కమొహం చెక్కారు. వదులైన చట్రం బిగించి ఇవ్వడమే మా పని. మధ్యాహ్నం బేగం గారే వస్తారనగా ఆయన డబ్బా తెరిచాడు. దొరసాని నుదుట తడి కుంకుమ!

“అమ్మా! ఏంది గిది?”

“ఏందంటవేందిరా? ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండ పంపుతమా?” అంది మా అత్తమ్మ.

తుడిచాం, కుంకుడు రసంతో కడిగాం. నుదుటి మీద కంటికి ఆనని నెర్రె ఉందట, రంగు అందులోకి దిగింది. “ఇది ఖరాబైతే సేఠ్ మల్ల నన్ను గడప తొక్కనియ్యడు,” అన్నాడాయన మెల్లగా. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు. రంగు దిగినంత మేర తొలచాలి. చెయ్యి జారితే దొరసానికి మొహమే ఉండదు. “కదిలినవో, సూడు.” నేను గుమ్మంలో అద్దం పట్టి ఊపిరి బిగబట్టాను. అప్పుడే వాలింది ఈగ, నా ముక్కు మీద. తీరిగ్గా పెదవి దాకా నడిచింది. అత్తమ్మ విసనకర్ర ఎత్తితే ఆయన తల తిప్పకుండానే “అమ్మా!” అన్నాడు. విసనకర్ర గాల్లోనే ఆగింది. చివరికి కమానూ ఆగింది. ఆయన ఊదాడు. కుంకుమ పోయింది. కింద ఎర్రరాయి తేలింది, గుండ్రంగా, అచ్చం బొట్టంత!

వాకిట్లో రిక్షా చప్పుడు. బేగం గారు పతకాన్ని కళ్లజోడుకు ఆనించి చూశారు. నేను అద్దం వెనక దాక్కున్నాను (అరచేతంత అద్దం).

“దీనికి షాదీ ఎప్పుడైంది?” అన్నారామె వచ్చీరాని తెలుగులో.

“మా ఇంట్లనే అయిందమ్మా. కూసో, తాంబూలం తీసుకపో,” అంది అత్తమ్మ.

బేగం గారు పకపకా నవ్వి, తమలపాకులు తీసుకుని మరీ వెళ్లారు.

ఇప్పుడు నా నుదురు బోడిగా ఉంది. దొరసానిది చెక్కిన బొట్టు, ఎవరూ తుడవలేరు. ఎక్కడుందో! ఈగ నడిచినా కదలని ఆ పిల్ల నేనేనా అని నవ్వొస్తుంది. సరే గాని, రాసింది జర చదివి వినిపియ్యవే. మొదటి మాట కాడి నుంచి. మెల్లగ.