నాగావళిలో పడ్డ మాత్రలు

మా మేనకోడలు జ్ఞానసుందరి అరిచిన అరుపుకి శ్రీకాకుళంలో నాగావళి వెనక్కి పారింది. సరే, ఏరంతా కాదు. పాత వంతెన కింద, మోకాలి లోతు నీళ్లున్న చోట మాత్రమే. గాలి కూడా కొంచెం సాయం చేసి ఉండొచ్చు. అరుపు మాత్రం నిజం.

జ్ఞానసుందరి జాకెట్లు కుడుతుంది. కొన్నేళ్ల కిందట ఆమె చేతులు వణకడం మొదలైంది. సూదిలో దారం ఎక్కేది కాదు. గుండె దడ, ఒళ్లంతా చెమట, ఎంత తిన్నా చిక్కిపోవడం. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. కొన్ని నెలలకు చేయి నిలిచింది.

"మీరు చిన్న డోసు ఏళ్ల తరబడి వాడటమే మంచిది. రక్తపరీక్షలు మానొద్దు, మాత్ర సొంతంగా ఆపొద్దు" అంది డాక్టరమ్మ.

భర్త ఎజ్రాకి ఆ మాత్రలు మరోలా పనికొచ్చాయి. ఆమె ఎంత న్యాయంగా కేకలేసినా, "మాత్ర ఏసుకున్నావేటే?" అనేవాడు. కూర మాడ్చింది అతనే అయినా, ఆమె కోపం మాత్రం జబ్బు ఖాతాలోకే. వింటుంటే నాకే ఒళ్లు మండేది.

ఇక మా బాప్టిస్టు సంఘ పెద్ద ధనరాజ్. ఆమె ప్రార్థనతోనే బాగుపడిందని తీర్మానించేసి, ఆదివారం చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నాడు. మాత్రలు మింగేవాళ్లకి స్వస్థత సాక్ష్యమేమిటని ఎజ్రాని ఎగదోశాడు. శనివారం సాయంత్రం ఎజ్రా మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లి వంతెన మీంచి విసిరేశాడు. వెనకే పరిగెత్తుకొచ్చింది జ్ఞానసుందరి.

"ఏటయ్యా నువ్వు సేసింది? మళ్లీ నా సెయ్యి వణికితే ఈ ఇంటికి కూడెవడు పెడతాడు? ధనరాజా?"

అప్పుడే ఏరు వెనక్కి పారి, అట్టలు ఒడ్డుకి తెచ్చి పడేసింది. ఆమె వాటిని ముట్టలేదు. నేరుగా మందుల షాపుకెళ్లి కొత్తవి కొనుక్కుంది.

ఆదివారం చర్చిలో మైకు అందుకుంది.

"నా కోపమేమో థైరాయిడ్‌దంట. నాకు నయమైందేమో మీ ప్రార్థనదంట. మరి ఈ ఒంట్లో నాదేటున్నాది? దేవుడికి వందనాలు సెప్తన్నాను. ఆ డాక్టరమ్మని సదివించినోడూ ఆయనే గదా! పెద్దయ్యా, ముందు మీ కళ్లజోడు ఏట్లో పారేసి రండి. అప్పుడు నేను మాత్ర మానేస్తాను."

ధనరాజ్ చెయ్యి తెలియకుండానే కళ్లజోడు మీదికెళ్లింది. ఎజ్రా లేచాడు.

"ఇదిగో, మాత్ర..."

"ఏసుకున్నాను! ఏసుకునే మాటాడతన్నాను. ఈ కోపం నాదే. కూకో!"

కూర్చున్నాడు. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్ల బెత్తం నేర్పిన గొంతుతో వెనక బెంచీ నుంచి "ఆమేన్" అన్నది నేనే.

రాసిందంతా మొన్న ఆమెకి చదివి వినిపించాను. సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా విని, గయ్యిమంది.

"అంతా అబద్ధం మావయ్యా! ఏరు ఎనక్కి పారనేదు, మా ఆయన మాత్రలు పారేయనేదు, నేను మైకు ముట్టనేదు. అసలు నాకు కోపమే రాదు!"