మేడ మీద కట్టిన నీళ్ళు

దయ్యాల మాట ఎత్తినవాళ్ళతో నేను ఎప్పుడూ వాదించలేదు. లేచి వెళ్ళిపోయేదాన్ని. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రపోతారని, పిలుపు వచ్చేదాకా లేవరని చిన్నప్పుడే నేర్పారు. తర్వాత చదివిన పుస్తకాలు ఆ నిద్రను కూడా నమ్మనివ్వలేదు. పోయినవాళ్ళు పోయినట్టే అనుకుని బతికాను. ఇప్పటికీ దాదాపు అలాగే అనుకుంటున్నాను. నమ్మమని అడగను. జరిగింది రాస్తున్నాను, అంతే.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వెళ్ళే దారిలో ఒక సందులో మా ఇల్లు. మా మామగారు పంతొమ్మిదివందల అరవైల్లో కట్టించారు. చుట్టూ ఇప్పుడు హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఆ సందులో ఒంటి అంతస్తుతో మిగిలింది మాదొక్కటే. చదునైన కప్పు, వాలుగా నిలబెట్టిన సన్నటి ఇనప స్తంభాల మీద పోర్టికో, పడమటి ఎండ ఆపడానికి గోడ పొడుగునా సిమెంటు జాలీ, ఆకుపచ్చ రాతిముక్కల మొజాయిక్ నేల. మేడ మీదకు మెట్లు హాల్లోంచే ఉన్నాయి. ఒక్కో మెట్టూ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కింద ఆధారం కనపడదు.

మా వారు ఇంజనీరుగా రిటైరయ్యాక ఆ ఇంటి పనే పెట్టుకున్నారు. ఎవరైనా పాత ఇల్లు అంటే, "పాతది కాదండీ, ఆ రోజుల్లో అందరికంటే కొత్తగా ఆలోచించి కట్టిన ఇల్లు" అనేవారు. జాలీ రంధ్రాల్లో పేరుకుపోయిన రంగుల పొరల్ని బ్లేడు పెట్టి గీకేవారు. నేల మీద టైల్స్ వేయిద్దామని నేనొకసారి అంటే చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నా పుట్టినరోజు ఆయనకు గుర్తుండేది కాదు. ఏ కిటికీ గడియ అసలుదో, ఏది తర్వాత బిగించిందో మాత్రం చూడకుండా చెప్పేవారు.

ఆ ఇంట్లో సగం మా మరిది విజయ్‌ది. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకు ఇచ్చేద్దామని అతనికి ఎప్పటినుంచో ఉంది. అన్న ఉన్నన్నాళ్ళూ గట్టిగా అడగలేకపోయాడు.

వానాకాలం వస్తే హాలు కురిసేది. కప్పు మీద పాత తారు పొరలు తీసేసి కొత్తగా కాంక్రీటు వేయిద్దామని అనుకుంటుండగానే ఆయనకు కిడ్నీలు చెడిపోయాయి. ఆసుపత్రిలో నేను మంచం పక్కన కూర్చుని ఉండేదాన్ని. స్పృహలో ఉండగా ఆయన నాతో అన్న చివరి మాటలు ఇవి: "కప్పు పని ఎండాకాలంలోనే పెట్టించు. మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి. ఒక్క పూట ఎండినా బీటలిస్తుంది."

నువ్వు ఎలా ఉంటావు అని అడగలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను దాన్ని మర్చిపోలేదు.

కొత్త కాంక్రీటును ఎండనివ్వకూడదు. అందుకని కప్పు మీద వరి మళ్ళలాగా చిన్న చిన్న గట్లు వేసి, మధ్యలో నీళ్ళు నింపుతారు. ఇంకినకొద్దీ పోస్తూనే ఉండాలి. ఇల్లు కట్టుకున్న వాళ్ళందరికీ తెలిసిన పనే.

సమాధి కార్యక్రమం అయిన కొద్దిరోజులకే విజయ్ వచ్చాడు.

"వదినా, ఈ వానాకాలం చూస్తాను. హాల్లో మళ్ళీ బకెట్లు పెట్టారంటే మీరు సంతకం పెట్టాలి. ఇక నేను ఆగలేను."

సరే అన్నాను.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఏమీ అనుకోవద్దు. అన్నయ్య కాపురం చేసింది మీతో కాదు, ఈ శ్లాబుతో" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అందులో అబద్ధం కూడా కనపడలేదు.

ఎండలు ముదిరాక యాదగిరి మేస్త్రీ చేత పని చేయించాను. కాంక్రీటు వేశారు, గట్లు కట్టారు, నీళ్ళు నింపారు. ఆ మర్నాడే నాకు జ్వరం తగిలింది. మధురానగర్‌లో ఉండే మా చెల్లెలు వచ్చి, మోటారు ఆపించి, ఇంటికి తాళం వేయించి నన్ను తీసుకెళ్ళింది. తాళంచెవి నా సంచిలోనే ఉంది. యాదగిరికి ఫోన్ చేస్తే, పెదనాన్న పోయాడని, ఊళ్ళో ఉన్నానని, దినాలయ్యేదాకా రాలేనని అన్నాడు.

"బావగారి తమ్ముడికి చెప్పవచ్చు కదక్కా, నీళ్ళు పోయమని" అంది చెల్లెలు. ఆ కప్పు బీటలివ్వాలని ఎదురుచూస్తున్న మనిషికి తాళంచెవి ఎలా ఇస్తాను? లేచి వెళ్ళబోతే కళ్ళు తిరిగి పడ్డాను. "ఇల్లు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?" అని తను కేకలేసింది. వారం పైనే అక్కడ పడుకున్నాను. బయట రోళ్ళు పగిలే ఎండ. ఇల్లు చేజారినట్టేనని నిశ్చయించుకున్నాను. నిజం చెప్పాలంటే, పోతే పోయిందని కొంచెం తేలిక కూడా అనిపించింది.

తిరిగి వచ్చిన రోజు యాదగిరి కూడా వచ్చాడు. మధ్యాహ్నం. తాళం నేనే తీశాను. మేడ తలుపు గడియ లోపలివైపు వేసింది వేసినట్టే ఉంది.

తలుపు తీస్తే కళ్ళల్లోకి వెలుగు కొట్టింది. మళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. నీళ్ళలో ఆకాశం కనపడుతోంది.

"నీళ్ళు ఎవరు కట్టిండ్రు మేడం?" అన్నాడు యాదగిరి.

అతను వెళ్ళి ట్యాంకు మూత తీసి చూశాడు. అడుగున తడి కూడా లేదు. ఆ రోజుల్లో వాన పడలేదు. పక్క మేడలన్నీ తెల్లగా ఎండి ఉన్నాయి. మూలనున్న గట్టుకు ఎప్పుడో చిన్న గండి పడినట్టుంది. అందులో పాత బనియను ముక్క కుక్కి ఉంది. ఆయన అలాగే కుక్కేవారు, కుళాయి కారినా, తూము కారినా. కానీ ఆయన బట్టలన్నీ చర్చి వాళ్ళకు ఇచ్చేశాను. బనియను ముక్క ఎవరిదైనా కావచ్చు. పక్క మేడ మీదనుంచి ఎగిరి వచ్చి ఉండవచ్చు. గండిలోకి అదే వెళ్ళి కూర్చుందని మాత్రం అనలేను.

పక్క ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ స్వరూప అప్పుడే తన మేడ మీద బట్టలు తీస్తోంది. ఉగాది దాటాక కొత్తగా వచ్చిన మనిషి. మా వారిని ఎరగదు.

"వచ్చినవా అమ్మా? గా పెద్దాయన ఎవరు? రోజు పొద్దుగాల నీళ్ళు పోస్తుండు. బనీను ఏసుకొని, లుంగీ ఎగ్గట్టి. మస్తు ఓపిక."

తీసిన బట్టలు భుజాన వేసుకుంటూ తనే అందుకుంది. "మాకు ట్యాంకర్ రాలే. జర రెండు బకెట్లు ఇయ్యి పెద్దాయనా అంటే, ఇనవడనట్టే ఉన్నడు. తల సుత ఎత్తలే. ఇంట్ల కూడ గిట్లనే ఉంటడా ఏంది?"

"ఇంట్లో కూడా అంతే" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. యాదగిరి నా ముఖం వైపు చూసి, గబగబా మెట్లు దిగిపోయాడు. ఆయన శవపెట్టె మోసినవాళ్ళలో అతనొకడు.

స్వరూప చూసింది ఎవరినో నేను తేల్చలేను. లుంగీ ఎగ్గట్టుకున్న ముసలివాళ్ళు ఈ సందులో చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ మా మేడ మీదకు రాలేరు, అంతే.

మొదటి పెద్ద వాన రోజు విజయ్ తనే వచ్చాడు. తడిసిన గొడుగు పోర్టికోలో వదిలి, హాలు మధ్యలో నిలబడి చాలాసేపు పైకి చూశాడు. చుక్క పడలేదు. "జ్వరంలో పడుకుని కూడా ఎవర్నో పెట్టి నీళ్ళు కట్టించారన్నమాట. గట్టివారే వదినా" అన్నాడు. కాదనలేదు. ఇల్లు నిలబడింది. బంధువులు మెచ్చుకున్నారు, ఆయన ఆత్మ సంతోషిస్తుందన్నారు. సంతోషించే ఉంటుంది.

ఆయన పోయిన దగ్గర్నుంచి నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఏ గదిలోనూ ఆయన ఉన్నట్టు ఒక్కసారి అనిపించలేదు. జ్వరంలో ఎంత పలవరించినా నా మంచం దగ్గరకు ఎవరూ రాలేదు. వచ్చింది ఆయనే అయితే, కప్పు కోసం వచ్చారు.

వానలు తగ్గాక పడగ్గదిలో, నా మంచం పక్కన కుంగిన మొజాయిక్‌ను తీసి కొత్తగా వేయించాను. దానికి కూడా నీళ్ళు నిలపాలి. నేను చూసుకుంటానని యాదగిరికి చెప్పి పంపించాను.

చూసుకోలేదు. ఒక్క చెంబెడు కూడా పోయలేదు. మంచం మీద కూర్చుని, ఆ తడి అంచుల నుంచి లోపలికి ఆరిపోవడం చూశాను. పొద్దున్నే లేచి చెయ్యి పెట్టి చూసేదాన్ని. పొడిగా ఉండేది. మర్నాడు కూడా పొడిగానే ఉండేది.

చివరికి అడ్డంగా ఒక పగులు వచ్చింది, వెంట్రుకంత. యాదగిరికి కోపం వచ్చింది. "నీళ్ళు కట్టకుంటే పగుల్తదని మీకు తెల్వదా మేడం? తీసేసి మళ్ళ ఏస్త" అన్నాడు. వద్దన్నాను.

మేడ మీద నీళ్ళు ఎవరు కట్టారో నాకు ఈనాటికీ తెలియదు. మంచం దిగేటప్పుడు రోజూ ఆ పగులు మీదే కాలు పెడతాను.