తెర మీద మిగిలిన ఒక్క ఎరుపు

మా షెడ్డు ముత్తంగి జంక్షన్ దాటాక, గోడౌన్ల వెనక ఉంటుంది. మాత్రల్ని అట్టల్లో ప్యాక్ చేసే యంత్రాలు తయారుచేసి మందుల ఫ్యాక్టరీలకు పంపుతాం. పాప పుట్టాక తిరిగి ఉద్యోగంలో చేరినప్పుడు, యంత్రం బయటికి వెళ్ళే ముందు నడిపి చూసి లోపాలు పట్టే పని నాకిచ్చారు. అప్పటిదాకా లోపాలన్నీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య కొట్టుకుపోయేవి. నేనే అడిగి, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక ఇష్యూ ట్రాకర్ పెట్టించాను. లోపం కనిపిస్తే అందులో రాయాలి, ఎవరు సరిచేయాలో వాళ్ళ పేరు పెట్టాలి, పని అయ్యాక మూసేయాలి. తెరిచి ఉన్నది ఎరుపు, మూసింది ఆకుపచ్చ.

మొదటి వారమే వైరింగ్ చూసే అన్న నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. బొంతపల్లి మనిషి, షెడ్డులో అందరికంటే సీనియర్.

"ఏంది చెల్లె, నా మీద కంప్లైంట్ రాసినవంట?"

"కంప్లైంట్ కాదన్నా, పని రాసిన."

"పేరు రాసి, పక్కన ఎర్ర చుక్క పెట్టి సార్‌కు చూపిస్తే కంప్లైంట్ గాక ఏందది? మా ఊర్ల గిట్ల పేరు రాసేది పోలీస్ స్టేషన్ల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత ఒక పద్ధతి దానంతటదే స్థిరపడింది. ఎవరూ ఎవరి పేరూ పెట్టరు, పెడితే నా పేరే పెడతారు. శనివారం సాయంత్రం మేనేజర్ సార్ పెద్ద తెర మీద చూస్తారు కాబట్టి, భోజనాలయ్యాక అన్నీ మూసేసి ఆకుపచ్చ చేస్తారు. ఒకరి పరువు ఒకరు కాపాడుకోవడం అది. సోమవారం మళ్ళీ తెరుస్తారు.

ఈ మధ్య ఒక యంత్రం తయారై పంపడానికి సిద్ధంగా ఉంది. దానికి అద్దం తలుపు, తలుపు వెనక అట్టల్ని కోసే బ్లేడు. తలుపు తీయగానే బ్లేడు ఆగిపోవాలి. శుక్రవారం నేను తీసినప్పుడు ఆగలేదు. "తలుపు తెరిచినా యంత్రం ఆగలేదు" అని రాసి అన్న పేరు పెట్టాను. ఆయన వచ్చి మళ్ళీ మళ్ళీ తీసి చూశాడు. తీసిన ప్రతిసారీ ఆగింది.

"ఆగుతుంది గదా చెల్లె. నీకే గట్ల అనిపించింది."

నిజంగానే అనిపించిందా? గ్యాస్ కట్టేశానో లేదో రెండోసారి లేచి చూసే మనిషిని. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి పాప దుప్పటి సరిచేసి వచ్చాను. "ఊకె పరేషాన్ అయితవు" అంటుంది అత్తమ్మ. కానీ ఆ బ్లేడు తిరగడం నేను చూశాను.

శనివారం మధ్యాహ్నం సార్ పిలిచారు.

"సోమవారం యంత్రం కొనే పార్టీ వాళ్ళు వస్తున్నారమ్మా. తెర మీద ఎరుపు కనిపిస్తే బాగోదు. ఇప్పటికి మూసెయ్, మళ్ళీ వస్తే మళ్ళీ రాసుకుందాం."

"మళ్ళీ వచ్చేసరికి యంత్రం వాళ్ళ దగ్గరుంటుంది సార్. లోపల చెయ్యి పెట్టేది మనం కాదు."

"అందరూ చూశారు కదా. నీకు భయం ఎక్కువ."

"ఎక్కువే సార్. అందుకే మూయను."

 

తన పేరు పక్కన ఎరుపు ఉన్నంతకాలం అన్న మళ్ళీ ఆ తలుపు జోలికి రాడని నాకు తెలుసు. వెళ్ళి అడిగాను.

"అన్నా, నా ఇష్యూ తీసేస్త. నువ్వే రాయి. నువ్వు చెప్పు, నేను టైప్ చేస్త."

"నాకు కనబడనిది నేనెట్ల రాస్త?"

"నాకెట్ల కనబడ్డదో అడుగు మరి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. యంత్రం ఏ స్పీడు మీద ఉంది, నేను ఏ పక్క నిలబడ్డాను, అన్నీ పంచాయితీ పెద్దమనిషిలా అడిగాడు. చివరికి, "తలుపు ఎట్ల తీసినవో చూపెట్టు" అన్నాడు.

యంత్రం నడిపి, తలుపు పిడి పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా లాగి, లోపలికి తొంగిచూసేంత సందు రాగానే ఆపాను. బ్లేడు తిరుగుతూనే ఉంది.

"గిట్లెవరు తీస్తరు చెల్లె తలుపు?"

"పాప పండుకుంటే మా ఇంట్ల అన్ని తలుపులు గిట్లనే తీస్త."

ఆయన నవ్వాడు. ఆయన తీసినప్పుడల్లా తలుపు ఒక్క గుంజుతో పూర్తిగా తెరుచుకునేది, తలుపు తెరుచుకుందని కనిపెట్టే సెన్సర్ వెంటనే పట్టేసేది. సందు కొంచెమే ఉంటే దానికి తలుపు మూసినట్టే లెక్క. యంత్రం ఆపేసి ఆ సందులో తన అరచెయ్యి పెట్టి చూశాడు. మణికట్టు దాకా పోయింది. నవ్వు ఆగిపోయింది.

"రాయి," అన్నాడు. "తలుపు మెల్లగ బెత్తెడు తీస్తే యంత్రం ఆగుతలేదు. చెయ్యి లోపలికి పోతది. పేరు నాదే పెట్టు."

సాయంత్రం తెర మీద అదొక్కటే ఎర్రగా మిగిలింది. సార్ నా వైపు చూశారు. నాకంటే ముందు అన్నే చెప్పాడు: "నేనే రాయించిన సార్. సెన్సర్ బిగించే పట్టీ మార్చాలె. కొత్త పట్టీ సోమవారం గాని రాదు."

సోమవారం పార్టీ వాళ్ళు వచ్చేసరికి కూడా ఎరుపు అలాగే ఉంది. అదేమిటని అడిగితే అన్న వాళ్ళ ముందే తలుపు బెత్తెడు తీసి చూపించాడు. సార్ నుదురు తుడుచుకున్నారు. వచ్చినవాళ్ళలో పెద్దాయన సందులోకి వంగి చూసి, "ఇది సరిచేశాకే పంపండి" అన్నాడు. యంత్రం కోసం వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజంతా సార్ నాతో మాట్లాడలేదు. నాకు పెద్ద బాధ అనిపించలేదు.

మర్నాడు పట్టీ బిగించాక ఇద్దరం వంతులవారీగా తలుపు తీశాం, గుంజి, మెల్లగా, ఆగి ఆగి. ఇష్యూ మూయడానికి నేను కంప్యూటర్ వైపు తిరిగితే, ఉండమని ఆయనే తన ఫోన్‌లో ఆ ఇష్యూ తెరిచాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కింద రాశాడు: "చెల్లె తీసి చూసింది. నేను తీసి చూసిన. ఆగింది."